పరదేశములో పాట



ఈ ఉదయము ఒక నటిని గూర్చి చెప్పెదను. సినిమా సంగతులు మనకెందుకు అయ్యగారూ అనకండి. 1925లో రాజమండ్రిలో పుట్టిన టంగుటూరి సూర్యకుమారిగారు ప్రకాశం పంతులుగారి తమ్ముని కుమార్తె. చిన్ననాడే సినిమాల్లోకి వచ్చారు. 'మా తెలుగు తల్లికి' పాట ఆమె గొంతులోనే ఊరూరా వినబడింది. 1961లో న్యూయార్కులో ఠాగూరు నాటకములో రాణిగా నటించి బహుమానము పొందారు. తరువాత లండనులో స్థిరపడి, అక్కడివారికి మన పాట, నాట్యము నేర్పారు. 2005లో అక్కడే కన్నుమూశారు.

137వ కీర్తన తెరవండి. బబులోను చెరలోనివారు వాద్యములను చెట్లకు తగిలించి ఏడ్చిరి. సూర్యకుమారిగారు ఇష్టపడి వెళ్లారు, అది వేరు. కాని కళ్యాణదుర్గం పక్క శనక్కాయ పంట ఎండిపోగా, మూట కట్టుకొని బెంగళూరు పోయిన మీ పెద్దకొడుకు మాటేమిటి? రేకుల షెడ్డులో ఉన్న ఆ బిడ్డకు ఆదివారము తెలుగులో పాడుకొనుటకు నలుగురు తోడున్నారా? క్రిస్మసుకు వచ్చినప్పుడు "ఎంత తెచ్చినావురా?" అని అడిగితిమి. "పాడుతున్నావా నాయనా?" అని అడిగితిమా? నేనూ అడుగలేదు.

ఈ రాత్రి ఫోను చేసి అడగండి. ఇప్పుడు వాని పేరు తలంచుకొని, ప్రార్థనకు తలలు వంచుదము.