పైపు బిగించే మన పిల్లలు



ఏటా ఇక్కడ ఫీజుల లెక్క, పుస్తకాల లెక్క చెబుతుంటాం. ఈసారి పదో తరగతితో చదువు ఆపి మెకానిక్ షెడ్డుల్లో చేరిన పిల్లల గురించి మాట్లాడదలిచాం. నంద్యాలలో రైసు మిల్లులున్నాయి. అక్కడి నుంచి ఆళ్ళగడ్డ దాకా హైవే పక్కన జేసీబీ, ట్రాక్టరు రిపేరు షెడ్లున్నాయి. శ్రీశైలం నీటిని కె.సి. కాలువకు ఎత్తిపోసే ముచ్చుమర్రి పంపులు కూడా మన జిల్లాలోనివే. పంపు ఉన్నచోట పైపు బిగించే మనిషి కావాలి. ఆ పనికి మన పిల్లలు పోతున్నారు.

అన్నిటికన్నా మాకు భయం ఆయిలు లైన్లతోనే. కారు టైరులో గాలి చదరపు అంగుళానికి 30 పౌండ్లు ఉంటుంది. జేసీబీ పంపు లైనులో అది 3,000 దాటుతుంది. గొట్టానికి సూదిమొనంత చిల్లు పడితే ఆయిలు పొగలా చిమ్ముతుంది. ఎక్కడ కారుతోందోనని కుర్రాడు చేత్తో తడుముతాడు. ఆయిలు చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి కనిపించేది చీమ కుట్టినంత గుర్తే. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు, అందుకే పసుపు అద్ది పనిలో పడతారు. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయవలసి వస్తుంది. "ఆయిలు లోపలికి పోయింది" అని చెప్పి, ఆ గంటలోనే సర్జను ఉన్న పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

లీకు చూడటానికి అట్టముక్క చాలు. విప్పే ముందు బకెట్టును నేలకు దించి, ఇంజను ఆపి, లీవర్లు అటూ ఇటూ కదిపి లైనులో ఒత్తిడి పోగొట్టాలి. కొత్త గొట్టం మీద అచ్చువేసిన ఒత్తిడి అంకె పాతదానికన్నా తక్కువ ఉండకూడదు. బిగించాక దానిమీది అచ్చుగీత మెలికపడితే విప్పి మళ్ళీ బిగించాలి.

మిల్లు పంపుకైతే మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు తీసి, పెట్టెకు తాళం వేసి, తాళంచెవి పని చేసేవాడి జేబులో పెట్టుకోవాలి. పైపు బరువు పంపు మీద పడకుండా దానికి విడిగా ఆసరా కట్టాలి. ఫ్లాంజి రంధ్రాలు కలవకపోతే బోల్టులతో లాగి కలపరాదు, షాఫ్టు పక్కకు గుంజుకుంటుంది. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. ఆయిలును తోసే గేరు పంపుకు రిలీఫ్ వాల్వు లేకుండా స్విచ్ వేయనే కూడదు. ముందున్న గేటు మూసి ఉంటే పైపో పంపో పగులుతుంది.

మనం ఇప్పటిదాకా కుట్టుమిషన్లు, తోపుడు బండ్లు ఇచ్చాం, మంచిదే. ఈ పిల్లలకు ఒక ప్రెజర్ గేజి, తాళం, కళ్ళద్దాలు, సరైన కొలతల స్పానర్లు ఇప్పించండి. షెడ్డు యజమానులు కూడా ఈ సభలో ఉన్నారు. బండి తెచ్చినవాడు తొందరపెడుతుంటే "పది నిమిషాలు ఆగు" అని పదహారేళ్ళవాడు అనలేడు. ఆ మాట మీరే అనాలి.