ఆఫీసుకు ముందు మూడు ఆటలు

1978 ఫిబ్రవరిలో హవాయిలోని ఒవాహు దీవిలో 15 మంది ఓ వింత పందేనికి దిగారు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42 కిలోమీటర్ల పరుగు. పూర్తిచేసింది 12 మంది. పందెం తలపెట్టిన జాన్ కాలిన్స్ నౌకాదళ అధికారి, గెలిచిన గోర్డన్ హాలర్ టాక్సీ నడిపినవాడు. అంటే ఐరన్‌మ్యాన్ అనే ఈ పందేన్ని పుట్టించింది పని చేసుకు బతికేవాళ్లే!

గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ పందెం దూరం ఇందులో సగం. దానికి సిద్ధమయ్యే హైదరాబాదు ఉద్యోగికి తెల్లవారుజాము నాలుగున్నరకే తెల్లారుతుంది. సైకిలుకు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల దారి ఉంది. చిక్కల్లా ఈతతోనే. కొలనులో గోడ పట్టుకుని ఆగొచ్చు, సముద్రంలో గోడేదీ?

సైకిలు దిగీ దిగగానే పరుగెత్తే సాధనను ‘బ్రిక్’ అంటారు. మొదటి పది నిమిషాలు కాళ్లు మనవి కావు, నిజంగా ఇటుకలే. అలవాటు కావాలంటే వారం వారం చెయ్యాలి. తీరిక దొరికేది ఆదివారమే. పెళ్లిపిలుపులు వచ్చేదీ ఆదివారానికే! నిద్ర తగ్గించి సాధన పెంచేవాళ్లను చూస్తే నాకు భయం. కండరం కోలుకోవాలంటే నిద్ర కావాలి కదా. అందుకే రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను పక్కన పెట్టేసినవాళ్లే గోవా దాకా వెళ్తారు.