బడికి వచ్చిన నర్సు
1893లో న్యూయార్కు పేదపేటలోని వలసస్త్రీలకు లిలియన్ వాల్డ్ అను నర్సు గృహపరిచర్య బోధించుచుండగా, ఒక బాలిక వచ్చి జబ్బుపడిన బాలింతయగు తల్లి కడకు ఆమెను తోడ్కొనిపోయెను. ఆ గది చూచిన పిమ్మట వాల్డ్ తన వైద్యవిద్యను విడిచి, ఆ పేటలోనే కాపురముండి, నర్సులను ఇంటింటికి పంపసాగెను.

కంటిజబ్బు, గజ్జి గల పిల్లలను ఆనాటి బడులు ఇంటికి పంపివేయుచుండెడివి. చికిత్స చేయువారు మాత్రము లేరు. జబ్బుతోబాటు చదువును పోవలెనా? 1902లో వాల్డ్ తన సహచారిణి లీనా రాజర్సును నెలరోజులపాటు నాలుగు బడులకు పంపెను. రాజర్సు పుండ్లు కడిగి కట్టుకట్టెను. ఇండ్లకు పోయి తల్లులకు ఆ పని నేర్పెను. మందిచ్చుటకన్న ఇదియే కష్టమని నా తలంపు. పిల్లలు మరల బడికి వచ్చిరి. అటుపిమ్మట నగరమే జీతమిచ్చి నర్సులను నియమించెను.