రక్తపరీక్ష చెప్పేదెంత, చెప్పనిదెంత
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



నేను బడిపంతుల్ని, డాక్టర్ని కాను. కాని హెచ్ఐవీ పరీక్ష కాగితం ఒకటి ఇంటికి రాగానే సంసారాలు తలకిందులవుతున్నాయి గనుక, చదివి తెలుసుకున్న నాలుగు మాటలు మనవి చేస్తాను.

వైరసు ఒంట్లో చేరితే, దాని ప్రోటీనులను పట్టుకొనేందుకు శరీరం యాంటీబాడీలను తయారు చేస్తుంది. పరీక్షలో వెతికేది చాలావరకు వీటినే. అయితే యాంటీబాడీ ప్రోటీనును నిలువెల్లా చూడదు. దాని మీది ఒక చిన్న ఆకారాన్ని మాత్రమే గుర్తుపడుతుంది. మా ఉర్దూ తరగతిలో బే, తే, సే అక్షరాల రూపం ఒకటే, తేడా అంతా నుక్తాల్లోనే. నుక్తా చూడని పిల్లవాడు ఒకటి బదులు మరొకటి చదువుతాడు. ఇదీ అంతే.

1985లో అమెరికాలో దాతల రక్తం చూడటానికి ఎలైజా పరీక్ష వచ్చింది. ఎంతో మేలు చేసింది. కాని జబ్బు లేనివారికీ అప్పుడప్పుడు ఉన్నట్టు చూపేది. అందుకని వెస్టర్న్ బ్లాట్ అనే రెండో పరీక్ష చేసేవారు. అందులో వైరసు ప్రోటీనులు బరువు ప్రకారం విడిపోయి పట్టీ మీద గీతలుగా కనబడతాయి. 120, 160 దగ్గరి గీతలను జీపీ120, జీపీ160 అనే ప్రోటీనులని అనుకున్నారు. 1989లో తేలిందేమిటంటే, అవి చాలావరకు జీపీ41 అనే చిన్న ప్రోటీను మూడేసి, నాలుగేసి అతుక్కున్నవి! 41ని మూడుతో, నాలుగుతో హెచ్చవేసి చూడండి: 123, 164. ముగ్గురు సాక్షులనుకుంటే, ఒక్కడే మూడు వేషాల్లో వచ్చాడన్నమాట.

ఇంకొకటి. వైరసు సోకిన కొన్ని వారాలకు గాని యాంటీబాడీలు కనబడవు. ఈలోగా పరీక్ష చేస్తే 'లేదు' అని రావచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది పసిపిల్లల సంగతి. తల్లి యాంటీబాడీలు కడుపులోనే బిడ్డకు చేరి 18 నెలలదాకా ఉండవచ్చు. బిడ్డకు వైరసు లేకపోయినా పరీక్ష 'ఉంది' అంటుంది. అటువంటి బిడ్డకు వైరసు జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే పరీక్ష చేయించాలి.

పరీక్షలు వద్దని నా మాట కాదు. మన దేశంలో మూడు వేర్వేరు కిట్లతో చూసిన తర్వాతే ఖాయం చేస్తారు. కనుక మొదటి కాగితం చూసి కోడల్ని పుట్టింటికి పంపకండి, బిడ్డను దూరం పెట్టకండి. ఖాయమని తేలినా సరే, ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు ఉచితం. మందులు వేళకు వేసుకుంటే జీవితం సాగుతుంది. మనిషిని వెలివేసే హక్కు ఏ కాగితమూ మనకివ్వదు.