"ఒళ్ళు చేశావే" అను మాట
(స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగము)



మన అధ్యక్ష మండలమునకు నూరు సంవత్సరములు నిండిన ఈ సంతోష సమయమున మేము ఒక చిన్న మాటను గూర్చి చెప్పదలచితిమి. ఆరాధన ముగిసి గుడి మెట్లు దిగుచు, "బాగా ఒళ్ళు చేశావే!" అనియు, "ఏమమ్మా, పుల్లలా అయిపోయావు?" అనియు పలకరించుట మనకు అలవాటు. ప్రేమతోనే అందుము. వినువారికి అది ప్రేమగా వినబడదు.

మా గాయక బృందములో ఒక యౌవనస్థురాలు ఉండెను. క్రిస్మసుకు అందరికి ఒకే రంగు చీరలు తెచ్చిన దినమున, "నీకు రెండు చీరలు కావాలేమో!" అని నవ్వులాటకు అంటిమి. ఆమెయు నవ్వెను. పండుగ తరువాత పాటకు రాలేదు. రెండు నెలలకు ఆమె ఇంటికి వెళ్ళితిమి. థైరాయిడ్ గ్రంథి మందగించి ఆమె మందులు వాడుచున్నదనియు, మా మాట విన్ననాటి నుండి రాత్రి భోజనము మానినదనియు అప్పుడు తెలిసినది. సిగ్గుపడి, క్షమించుమని అడిగితిమి.

ఆమె ఇట్లనెను: "అక్కా, మీకు నామీద ప్రేమ ఉందని తెలుసు. కానీ ఆ మాట నన్ను చాలా నొప్పించింది. ఇకమీదట నా ఒంటి సంగతి కాదు, నేనెలా ఉన్నానో అడగండి."

సమూయేలు మొదటి గ్రంథములో హన్నాను చూడుడి. పెనిన్నా మాటలకు ఆమె ఏడ్చి భోజనము మానెను. షిలోహులో ప్రార్థించుచుండగా యాజకుడైన ఏలీ ఆమెను మత్తురాలని తలంచెను. ఆమె అతనిని దూషింపలేదు, మౌనముగా భరింపనూ లేదు. తన దుఃఖమును మర్యాదగా తెలిపెను. ఏలీ తన మాట మార్చి ఆమెను దీవించెను. పిమ్మట ఆమె భోజనము చేసెను. కనికరమనగా నోరు మూసుకొనుట కాదని ఆమె మనకు నేర్పుచున్నది.

శరీరపు బరువు కేవలము తిండివలన కలుగునది కాదు. వంశము, కాన్పు, గ్రంథుల లోపము, స్టెరాయిడ్ మందులు కూడ కారణములు. బరువునుబట్టి మనుష్యులను చులకన చేయుట వారి దేహమునకును మనస్సునకును హానికరమని 2020లో పలు దేశముల నిపుణులు కలిసి ప్రకటించిరి. ఎగతాళివలన ఎవరికిని ఆరోగ్యము రాదు.

నొచ్చుకొనినవారలారా, ఏకాంతముగా, నెమ్మదిగా చెప్పుడి. అన్నవారును చిన్ననాడు అట్టి మాటలే వినియుందురేమో. అన్నవారలారా, "తమాషాకే అన్నాను" అని తప్పించుకొనక క్షమాపణ అడుగుడి. ప్రక్కన ఉన్నవారలారా, ఆ నవ్వులో పాలుపొందకుడి.

ఆ సహోదరి మరల మాతో పాడుచున్నది. ఆమె తిరిగి రాకపోయినయెడల ఆ లోటు మా మాటవలన కలిగినదై యుండెడిది. రానున్న నూరేండ్లలో మన గుడి మెట్లమీద ఎవరును తమ శరీరమునుబట్టి తల దించుకొనకుందురు గాక. ఆమేన్.