గ్రామ ప్రణాళిక ఎవరిది?

(తర్లుపాడు పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



గ్రామపంచాయతి, దాని ప్రణాళిక, దానివలన ప్రజలకు గలుగు మేలు - ఈ విషయమును గూర్చి మాటలాడుమని మీరు మమ్ము కోరితిరి. బాట వేయుట, మురుగుకాలువ త్రవ్వుట, వీధిదీపము నిలుపుట చిన్నపనులని తలచి, వానిని నలుగురు పెద్దలకు వదలివేయుట మనకు అలవాటైనది. స్వరాజ్యమనగా ఢిల్లీలో జరుగునదియే యను భ్రమ ఈ యలవాటునకు మూలము. కుళాయియొద్ద బిందెతో నిలిచిన యిల్లాలు స్వరాజ్యమును ఆ బిందెలో పడు నీటిని బట్టియే కొలుచును. ఆమె కొలత తప్పని మేము అనజాలము.

ఈ సంగతి మన పూర్వులకు తెలియును. చీరాల పేరాలలయందు ప్రజలు వలదన్నను ప్రభుత్వమువారు పురపాలకసంఘమును నెలకొల్పి పన్నులు పెంచిరి. అంతట 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు ఇండ్లువిడిచి, ఊరివెలుపల రామనగరమున పాకలు వేసికొని, పదునొకండు నెలలు ఎండకు వానకు ఓర్చిరి. పన్ను భారమొక్కటియే వారిని కదలించినదని తలపరాదు. తమ్ము అడుగక తమపేర చేసిన యేర్పాటును వారు ఒప్పుకొనలేదు. నేడు మనలను అడుగవలయునని శాసనమే చెప్పుచున్నది. అడుగు దినమున మనము పోకుండుట ఆ త్యాగమునకు తగిన ఫలమా?

శాసనము మాట వినుడు. రాజ్యాంగపు 40వ అధికరణము పంచాయతులను స్వపరిపాలనసంస్థలుగా తీర్చుమని ఆదేశించెను. ఆ యాదేశమునకు బలము చేకూరుటకు 73వ సవరణ రావలసివచ్చెను. అది 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలునకు వచ్చెను. దానివెంట 1994లో మన రాష్ట్రమున పంచాయతిరాజ్ చట్టము వెలువడెను. ఆర్థికాభివృద్ధికి, సామాజికన్యాయమునకు ప్రణాళికలు సిద్ధపరచు అధికారమును పంచాయతులకు ఈయవచ్చునని రాజ్యాంగము పలుకుచున్నది. పదునొకండవ షెడ్యూలులో ఇరువదితొమ్మిది విషయములను పేర్కొన్నది. త్రాగునీరు, చిన్ననీటి వనరులు, రహదారులు, గ్రంథాలయములు అందులోనివే. ఓటరు పట్టికలో పేరున్న ప్రతివారును గ్రామసభలో సభ్యులే. సర్పంచి మారును, సభ్యులు మారుదురు, గ్రామసభ మారదు.

ఇక మన ప్రాంతపు ముఖ్యావసరమునకు వత్తము. మన పశ్చిమప్రాంతమున నీటికంటె ముందు చెప్పవలసిన దేదియు లేదు. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసికొనిపోవు వ్యాధిని మనదేశమున తొలిసారి వైద్యులు గుర్తించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. అనగా మన పొరుగుననే. ఈ పీడ బయటపడి తొంబదియేండ్లు కావచ్చినది. వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగెను. శ్రీశైలజలాశయమునుండి 43.5 టీఎంసీల కృష్ణానీటిని తెచ్చుట దాని యుద్దేశము. నల్లమలను తొలిచిన జంట సొరంగములు 2024 మార్చి 6వ తేదీన జాతికి అంకితమయ్యెను. నాటికిని కాలువపనులు, నిర్వాసితుల పునరావాసము మిగిలియే యుండెను. 2025 జూలైలో నరసింహాపురమున 1,290 కోట్ల రూపాయల త్రాగునీటి పథకమునకు పునాదిరాయి పడెను. ఇవి యన్నియు పూర్తికావలయుననియే మా ప్రార్థన.

అయినను ఒక్కమాట. పెద్దకాలువ వచ్చునను ఆశతో చిన్నకాలువను పూడనిచ్చుట వివేకము కాదు. కృష్ణమ్మ రేపు వచ్చినను, చెరువునకు పోవు వాగు ముండ్లకంపతో నిండియున్నచో ఆ నీరెక్కడ నిలుచును? కంబము చెరువును చూడుడు. విజయనగరకాలమున గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన యా కట్ట నేటికిని నిలిచియున్నది. 2020లో అంతర్జాతీయ సంస్థ దానిని వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తించెను. కట్టినవారి ప్రజ్ఞతోపాటు, తరతరములుగా కాపాడినవారి శ్రద్ధయు అందులో కలదు. కట్టుట ఒక దినపు ఉత్సవము, కాపాడుట ప్రతిదినపు ధర్మము. మన ప్రణాళికలలో మొదటిదానికి పద్దు కలదు, రెండవదానికి లేదు.

పనుల వరుసయును అట్లే తలక్రిందులైనది. ముందు సిమెంటు బాట వేయుదురు. ఆరునెలలకు గొట్టములకై దానినే పగులగొట్టుదురు. మురుగుకాలువ లేని బాట ఏటేట ఎత్తుపెరిగి, వానకాలమున వీధినీరు పేదవాని గడప దాటి లోనికి వచ్చును. ముందు గొట్టము, పిదప కాలువ, కడపట బాట - ఇది తాపీమేస్త్రీకి తెలిసిన క్రమమే. బాట ఫోటోలో కనబడును, గొట్టము కనబడదు. వరుస చెడుటకు ఇంతకంటె వేరు కారణము మాకు తోచదు.

ధనము లేదందురేమో. 2021-26 సంవత్సరములకు పదునైదవ ఆర్థికసంఘము పంచాయతుల కిచ్చిన నిధులలో నూటికి అరువదివంతులు త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు కట్టుబడినవి. తక్కిన నలువది స్థానికావసరములకు విడువబడినవి. ఇట్టి నిధులను విద్యుత్తు బకాయిలక్రింద జమకట్టిరని 2021లో రాష్ట్రమున పలువురు సర్పంచులు మొరపెట్టుకొనిరి. సర్పంచి ఒంటరిగా మొరపెట్టిన అది ఫిర్యాదు. గ్రామసభ తీర్మానించి, లెక్కచూపి అడిగిన అది హక్కు.

"గ్రామసభకు పోయిన లాభమేమి? సంతకములు పెట్టించుకొని పంపుదురు" అని కొందరందురు. ఆ మాటలో సత్యము కలదు. 2024 ఆగస్టు 23వ తేదీన రాష్ట్రమునందలి 13,326 పంచాయతులలో ఒక్కదినమున గ్రామసభలు జరిగెను. అది మెచ్చదగిన కార్యమే. కాని సభ జరుగుట వేరు, సభలో నిర్ణయము జరుగుట వేరు. రిక్తపు పుటపై సంతకము చేయువాడు తన గ్రామమును తానే వ్రాసియిచ్చినవాడగును. తీర్మానము చదివి వినిపించినగాని సంతకము చేయకుడు. సమాచారహక్కు చట్టము 2005 నుండి మనచేతి నున్నది. మన రాష్ట్ర నియమముల ప్రకారము గ్రామస్థాయి కార్యాలయమున దరఖాస్తునకు రుసుము లేదు. ముప్పది దినములలో ప్రత్యుత్తర మీయవలయును.

కావున రాబోవు గ్రామసభలో మీరు మూడు ప్రశ్నలు వేయవలయునని మా కోరిక. మొదటిది, ఊరిలోని ప్రతి బోరునీటిని పరీక్షించితిరా? ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించినచో, ఆ బోరుమీద ఎఱ్ఱరంగుతో వ్రాసితిరా? కాచినంతమాత్రమున ఫ్లోరైడు తొలగదని తల్లులకు చెప్పితిరా? రెండవది, మనిషికి దినమునకు 55 లీటర్లని జలజీవన్ పథకము చెప్పిన నీరు గొట్టపు కొసనున్న కాలనీకి చేరుచున్నదా, లేక మొదటి వీధిలోనే అయిపోవుచున్నదా? మూడవది, మోటారు కాలినప్పుడు బాగుచేయుటకు, నీరు వదలువాని జీతమునకు ఎంత సొమ్ము ప్రత్యేకించితిరి?

గ్రామమునకు కలిగిన మేలును శిలాఫలకములను లెక్కించి తెలిసికొనలేము. ఊరి చివరి యింటి బిందె ఎన్నిగంటలకు నిండినదో చూచిన తెలియును. ఆ కాలనీవారు సభలో వెనుకవరుసన నిలిచియుందురు. వారిని ముందు కూర్చుండబెట్టి, వారి మాటను తీర్మానములో మొదట వ్రాయించుడు. ప్రణాళిక ఎవరిదను ప్రశ్నకు ఆనాడు వేరు సమాధాన మక్కరలేదు.

వందేమాతరము.