ఆకులోని రంగు, సీసాలోని మాత్ర
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిజాం రాజ్యం నుండి తట్టా పారా పట్టుకొని వచ్చి ఈ మహానగరపు కట్టడాలకు చెమటోడ్చిన కామాఠీల పేరు మీదనే కామాఠిపుర వెలసినది. వారి బిడ్డలకు మాతృభాషలో అక్షరాలు దిద్దించిన ఈ బడి పండుగలో ఆరోగ్యాన్ని గురించి మాట్లాడవలసినదిగా నిర్వాహకులు కోరినారు. ఆరోగ్యమనునది సముద్రం. అందులో నుండి ఒక్క రంగును మాత్రమే ఎన్నుకొన్నాను. మందుల దుకాణంలో వైద్యుని చీటీ లేకుండానే దొరకు ‘యాంటీ ఆక్సిడెంట్’ మాత్రల సీసాలు నేడు మన చాళ్లలోనికి కూడా వచ్చినవి. పరదేశంలో ఉద్యోగం చేయు కుమారుడు తండ్రికి ప్రేమతో తెచ్చి ఇచ్చుట కద్దు. ఆ తండ్రి బీడీ కాల్చువాడైతే ఆ ప్రేమ ఏమి చేయగలదో తెలుపుటకే ఈ ప్రసంగం.

1831లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు వాకెన్‌రోడర్ క్యారెట్ దుంప నుండి ఒక వర్ణద్రవ్యాన్ని వేరు చేసినాడు. దానికే కెరోటిన్ అని పేరు. దాని వంశం పెద్దది. టమాటా ఎరుపు లైకోపిన్, బంతిపూవు పసుపు ల్యూటిన్, ఉడికించిన రొయ్యలో బయటపడు ఎరుపు ఆస్టాజాంథిన్, ఇవన్నీ కెరోటినాయిడ్లే. ఆకుకూరలలో కూడా ఇవి సమృద్ధిగా ఉన్నవి. పచ్చదనం కప్పివేయుట వలన కంటికి కానరావు.

వీటిలో బీటా కెరోటిన్‌ను మన శరీరం విటమిన్ ‘ఏ’గా మార్చుకొనును. ఆ విటమిన్ కరువైన బిడ్డకు మొదట రేచీకటి వచ్చును. పిదప తెల్లగుడ్డు మీద నురగ వంటి మచ్చలు, ఆ పిదప నల్లగుడ్డు మెత్తబడి చూపు పోవుట. ఈ దుస్థితిని తొలగించు మార్గం చూపిన సంస్థలలో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ అగ్రగణ్యం. 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలినది. దాని పరిశోధనలు ఆధారంగా 1970లో దేశవ్యాప్తంగా పిల్లలకు విటమిన్ ‘ఏ’ చుక్కలు ఇచ్చు కార్యక్రమం ఆరంభమైనది. తొమ్మిదవ నెలలో లక్ష యూనిట్లు, తరువాత ఐదేండ్ల వరకు ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్లు, ఇదీ పద్ధతి. ఇది పెద్ద మోతాదు. ‘ఒకటి ఎక్కువైతే ఏమి?’ అని రెండు చోట్ల వేయించరాదు. మోతాదు మించితే వాంతులు, తలనొప్పి, పసివారికి మాడు ఉబ్బుట కలుగును. తల్లులారా, టీకాల కార్డును బియ్యం కార్డు వలె భద్రపరచుకొనండి.

ఇక ఇంటి వంట సంగతి. ఆ సంస్థ వారి పాత పట్టికల ప్రకారం నూరు గ్రాముల మునగాకులో 6,780 మైక్రోగ్రాముల కెరోటిన్ కలదు, తోటకూరలో 5,520, క్యారెట్‌లో 1,890 మాత్రమే. క్యారెట్‌కు వచ్చిన కీర్తి మునగాకుకు రాలేదు, పాపం! అయితే ఆకులోని కెరోటిన్ అంత సులభంగా ఒంటబట్టదు. పన్నెండు పాళ్లు తింటే ఒక పాలు విటమిన్‌గా లెక్కకు వచ్చును. కొద్దిగా నూనె వేసి ఉడికించిన కూరలో నుండి మేలుగా గ్రహింపబడును. అందుచేత తోటకూర పప్పుకు నూనె పోపు పెట్టుట రుచికి మాత్రమే కాదు. శరీరం తనకు కావలసినంతే మార్చుకొని ఊరకుండును గనుక ఆకుకూరలు తిని విటమిన్ ‘ఏ’ విషం సోకు భయం లేదు.

ఆకు ఇంత మంచిదైతే దాని సారం తీసిన మాత్ర మరింత మంచిది కాదా? ఈ ప్రశ్న వేసినవారు సామాన్యులు కారు. కూరలు, పండ్లు ఎక్కువగా తినువారిలో క్యాన్సర్ తక్కువని గమనించి, అది బీటా కెరోటిన్ మహిమయేమో పరీక్షించవలెనని 1981లో శాస్త్రజ్ఞులు ప్రతిపాదించినారు. ఫిన్‌లాండ్‌లో 50 నుండి 69 ఏండ్ల వయసు గల 29,133 మంది పొగత్రాగు పురుషులను తీసికొని, కొందరికి దినమునకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర, ఐదు నుండి ఎనిమిదేండ్లు ఇచ్చినారు. 1994లో ఫలితం వెలువడినది. కెరోటిన్ మ్రింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, నూటికి 18 వంతులు పెరిగినది. అమెరికాలో పొగత్రాగువారు, మానినవారు, ఆస్‌బెస్టాస్ ధూళిలో పనిచేసినవారు, మొత్తం 18,314 మందిపై 30 మిల్లీగ్రాముల కెరోటిన్‌తో పాటు విటమిన్ ‘ఏ’ ఇచ్చి జరిపిన పరీక్షను 1996 జనవరిలో గడువుకు ముందే నిలిపివేసినారు. అక్కడ పెరుగుదల నూటికి 28. పొగత్రాగువారు కొద్దిమందే గల 22,071 మంది అమెరికా వైద్యులకు సుమారు పన్నెండేండ్లు ఇచ్చి చూడగా మేలూ లేదు, కీడూ లేదు; సొమ్ము మాత్రం ఖర్చు.

ఎందుకిట్లు జరిగినది? పొగ నిండిన ఊపిరితిత్తులలో, అధిక మోతాదులో చేరిన కెరోటిన్ తానే ఆక్సీకరణ చెంది, చెడు పదార్థాలుగా విరిగి, కణాల క్రమాన్ని తప్పించునని జంతువులపై చేసిన పరీక్షలు సూచించుచున్నవి. కాపలాకు పెట్టినవాడే దొంగలతో కలిసినట్లు!

‘అవి సిగరెట్టు దేశాలు, మాది బీడీ’ అని ఎవరైనా అనవచ్చును. నిజామాబాదు, కరీంనగర్ జిల్లాలలో మన అక్కచెల్లెండ్రు చుట్టిన బీడీ అయినంత మాత్రాన ఊపిరితిత్తి దానిని చుట్టమని ఆదరించదు; పొగ పొగయే. కనుక బీడీ, సిగరెట్టు కాల్చువారు, ఆస్‌బెస్టాస్ రేకులు కోసిన కూలివారు బీటా కెరోటిన్ మాత్రలు వాడరాదు. మానినవారు కూడా వాడరాదు. అమెరికాలోనే 2013లో వెలువడిన కంటి పరీక్షలో బీటా కెరోటిన్ పొందిన వర్గంలో నూటికి ఇద్దరికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రాగా, అది లేని వర్గంలో నూటికి ఒకరికంటే తక్కువ. ఆ జబ్బు వచ్చినవారిలో అత్యధికులు పొగ మానినవారే. మునగాకు, బొప్పాయి, మామిడి మాత్రం వీరందరూ నిర్భయంగా తినవచ్చును. ఈ నిషేధం మాత్రకే.

ఆ కంటి పరీక్షలోనే కెరోటిన్‌కు బదులు 10 మిల్లీగ్రాముల ల్యూటిన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ ఉంచవచ్చునని తేలినది. ల్యూటిన్ మాత్రలకు ముడిసరుకు బంతిపూవు! మన ఆడపడుచులు బతుకమ్మలో పేర్చు ఆ పసుపే సీసాలో అమ్ముడగుచున్నది. అయితే వార్ధక్యంలో రెటీనా నడుమ భాగం క్షీణించు జబ్బు కొంత ముదిరినవారికి, కంటి వైద్యుడు చెప్పినప్పుడే దానివలన ప్రయోజనం. శుక్లాలను అది ఆపదు. అద్దాల నంబరు తగ్గించుటకు వాడుట వృథా.

గర్భవతుల కొరకు ఒక మాట. సీసాపై ‘రెటినాల్’ అని ఉన్నదో, ‘బీటా కెరోటిన్’ అని ఉన్నదో చదివించుకొనండి. రెటినాల్ దినమునకు 10,000 యూనిట్లు మించితే గర్భస్థ శిశువుకు అంగవైకల్యం కలుగు ప్రమాదం కలదు. బలం మాత్రలు రెండు మూడు రకాలు కలిపి మ్రింగువారు తెలియకుండానే ఆ హద్దు దాటుదురు.

చివరగా, తరచు భయపెట్టు ఒక లక్షణం. క్యారెట్, బొప్పాయి వంటివి దినదినమూ ఎక్కువగా తినిన పిల్లల అరచేతులు, అరికాళ్లు పసుపుపచ్చగా మారవచ్చును. అది జబ్బు కాదు. తినుట తగ్గించిన కొన్ని వారాలకు పోవును. కాని కంటి తెల్లగుడ్డు కూడా పచ్చబడినచో అది కెరోటిన్ పని కాదు, కామెర్లు. అప్పుడు ఇంట నిలుపక నాయర్ ఆసుపత్రికో, జె.జె. ఆసుపత్రికో అదే దినం తీసికొని వెళ్లవలెను.